కొత్త కెమెరాతో ప్రయాణానికి ముందు: ఏ ఉపకరణాలు కొనాలి, వేటిని మానుకోవాలి

లక్షన్నర, రెండు లక్షల రూపాయలు పెట్టి కెమెరాను ఎంతో ఆచితూచి కొన్నవారు కూడా దానికి తోడుగా కొనే వస్తువుల దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో ఉండే మనం ఇంత ఖరీదైన కెమెరా కోసం సాధారణంగా విశాఖపట్నమో, బరంపురమో, భువనేశ్వరమో వెళ్తాం. మళ్లీ అంత దూరం ఎవరు తిరుగుతారన్న ఆలోచనతో, దుకాణదారు కట్టిచ్చిన ‘కాంబో’ను ఉన్నదున్నట్టు తెచ్చేసుకుంటాం. అందులో ఉండే పలుచని ట్రైపాడు, ఊరూ పేరూ లేని ఫిల్టరు, చిన్న మెమరీ కార్డు ఈ స్థాయి కెమెరాకు ఏమాత్రం తగవు. ఎక్కడికి, ఏ కాలంలో వెళ్తున్నామో ముందే తేల్చుకుంటే జాబితాలో సగం దానంతట అదే తగ్గిపోతుంది. శీతకాలంలో చిలికా సరస్సులో పక్షులను తీయబోయేవారి అవసరాలు వేరు, వానాకాలంలో డుడుమా జలపాతానికి వెళ్లేవారి అవసరాలు వేరు. అయితే బ్యాటరీ, మెమరీ కార్డు ఈ రెండూ లేకపోతే ఏ ప్రయాణంలోనైనా పని ఆగిపోతుంది కాబట్టి డబ్బు ముందుగా వాటికే కేటాయించాలి.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు తెరను, వ్యూఫైండర్‌ను నిరంతరం వెలిగించి ఉంచుతాయి గనుక పాత డీఎస్ఎల్ఆర్‌ల కంటే త్వరగా బ్యాటరీని తినేస్తాయి. కాబట్టి కెమెరాతో వచ్చిన బ్యాటరీకి తోడు కనీసం మరొకటి, కోరాపుట్ కొండల్లో రాత్రి బస ఉంటే రెండు, అదే కంపెనీవి కొనుక్కోవడం మంచిది. చలికి బ్యాటరీ సామర్థ్యం తాత్కాలికంగా పడిపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున బయలుదేరేవారు అదనపు బ్యాటరీని సంచిలో కాకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి. యూఎస్‌బీ-సీ ద్వారా నేరుగా ఛార్జ్ అయ్యే కెమెరాకు పవర్ బ్యాంకు చాలా ఉపయోగం, కానీ చాలా కెమెరాలకు అది ‘పీడీ’ (పవర్ డెలివరీ) అనే వేగవంతమైన ఛార్జింగ్ పద్ధతిలో విద్యుత్తు ఇచ్చేదై ఉండాలి. విమానంలో వెళ్లేవారు అదనపు బ్యాటరీలనూ పవర్ బ్యాంకునూ చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీలకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ 16.4 వాట్-అవర్లే, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74.

మెమరీ కార్డు విషయంలో పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన వేగాన్ని చూసి మోసపోకూడదు. అది చదివే వేగం మాత్రమే. మనకు కావలసింది రాసే వేగం, అందులోనూ ఎంతసేపు రాసినా తగ్గని కనీస వేగం. కార్డు మీద ‘వీ’ అక్షరం పక్కనున్న అంకె దాన్నే చెబుతుంది: వీ30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, వీ60 అంటే 60. ఎనిమిది మెగాబిట్లు ఒక మెగాబైటు గనుక, సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియోకు 12.5 మెగాబైట్ల వేగం చాలు, కాబట్టి వీ30 కార్డు సరిపోతుంది. ఎగిరే పక్షులను వరుసగా ‘రా’ (RAW, కుదించని పెద్ద) ఫైళ్లలో తీసేవారికి మాత్రం ఇంకా వేగంగా రాసే యూహెచ్‌ఎస్-2 రకం కార్డు అవసరం. దాని వెనుక బంగారు రంగు పలకలు ఒక వరుసలో కాక రెండు వరుసల్లో ఉంటాయి. ఒకే పెద్ద కార్డు కంటే రెండు మధ్యస్థ కార్డులే మేలు. నకిలీ కార్డులు విరివిగా దొరుకుతున్నాయి గనుక, కొన్న కార్డును బయలుదేరే ముందే పూర్తిగా నింపి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, చివరి ఫైలు దాకా తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.

మన ప్రాంతంలో కెమెరాకు అసలు శత్రువు తేమ. గోపాలపూర్ తీరపు ఉప్పుగాలి, చిలికా ఉప్పుకలిసిన నీటి తుంపర, ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా కొండల్లో వదలని ముసురు, వీటన్నింటికీ ‘వెదర్ సీలింగ్’ (కెమెరా సందుల్లో నీరు, దుమ్ము చొరకుండా వేసే రబ్బరు అతుకులు) ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. అది చినుకులను కొంతసేపు ఆపుతుందే తప్ప కెమెరాను నీళ్లలో తడవనివ్వమని అర్థం కాదు. చవకైన వాన తొడుగు, లెన్స్ హుడ్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, రబ్బరు బ్లోయర్ కొనండి. దుమ్మును నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరలు లెన్సు మీద మచ్చలవుతాయి. తీరం నుంచి తిరిగి వచ్చాక మంచినీటితో కొద్దిగా తడిపి పిండిన మెత్తని గుడ్డతో కెమెరా ఒంటిని తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఏసీ గదిలోంచి నేరుగా సముద్రపు గాలిలోకి వెళ్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే లెన్సుకు చెమట పడుతుంది. అందుకే కెమెరాను సంచిలోనే మూసి, అరగంట ముందుగా గది బయట ఉంచాలి.

నిల్వ విషయమూ ఇక్కడే చెప్పాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ భయం ఉండదు. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు, కానీ వంట పాత్రల్లో మాత్రం వద్దు. తడిసిన కెమెరాను బియ్యంలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. బియ్యపు పొడి సందుల్లోకి దిగి హాని చేస్తుంది.

ఫిల్టర్లలో సీపీఎల్ (తిప్పుతూ మెరుపును తగ్గించే పోలరైజర్) ఒక్కటే అందరికీ పనికొస్తుందని నా అభిప్రాయం. తడి ఆకుల మీద, బండల మీద మెరుపును అది తీసేస్తుంది. ఫోటో తీశాక ఆ పని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగా కుదరదు. అయితే ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) వెలుతురు తగ్గిస్తుంది, వైడ్ లెన్సుతో తీస్తే ఆకాశం ఒకపక్క ముదురుగా, ఒకపక్క లేతగా పడుతుంది. జలపాతపు నీటిని పాలలా చూపాలనుకునేవారికి ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును తగ్గించే ముదురు గాజు) చాలు, సెకనులో 60వ వంతు తెరిచి ఉండే షట్టర్ దాదాపు ఒక సెకను తెరిచి ఉంటుంది. ఏ కొలత ఫిల్టర్ పడుతుందో లెన్సు మూత లోపలివైపు రాసి ఉంటుంది. 67, 77 మిల్లీమీటర్ల లెన్సులు రెండూ ఉంటే పెద్దదానికే ఫిల్టర్ కొని, చిన్నదానికి ఆ పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్-అప్ రింగు తగిలించండి. ఆ రింగు పెట్టాక ఆ లెన్సు హుడ్ పట్టకపోవచ్చు.

ట్రైపాడు కొంటే మంచిదే కొనాలి, లేదా పూర్తిగా మానుకోవాలి. 1,672 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ జిల్లా దేవమాలి శిఖరం మీద వీచే గాలికి కాంబో ట్రైపాడు నిలవదు. నడిమి కాడను పైకి లేపకుండా, సంచిని కొక్కానికి నేలకు తగిలేలా వేలాడదీస్తేనే గట్టి ట్రైపాడైనా నిలకడగా ఉంటుంది. చిలికా పడవలో దాని అవసరమే లేదు, ఎందుకంటే పడవ అదురు కాళ్ల గుండా నేరుగా కెమెరాకు చేరుతుంది. అక్కడ బీన్ బ్యాగు కావాలి. ఖాళీ తొడుగు తీసుకెళ్లి, చిలికా ఒడ్డునున్న రంభలో కిలోన్నర శనగలు కొని అందులో నింపి, పడవ అంచు మీద పెట్టి దానిపై పెద్ద లెన్సును ఆనించండి. తిరిగి వచ్చేటప్పుడు శనగలు వంటకు పనికొస్తాయి, మోత కూడా తగ్గుతుంది.

వెడల్పాటి పట్టీ, బయటికి కెమెరా సంచిలా కనిపించని మామూలు సంచి తీసుకుంటే బస్సుల్లో, రైళ్లలో నిశ్చింత. కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లనూ కొనుగోలు బిల్లునూ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. వారంటీకీ, బీమాకూ, పోయినప్పుడు పోలీసు ఫిర్యాదుకూ అవే ఆధారం. ఇవన్నీ ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే కొని, ఒక ఆదివారం ఊరి చుట్టుపక్కలే పూర్తిగా వాడి చూడండి. పట్టని రింగు, నిలవని ఛార్జ్, ఆగిపోయే వీడియో ఏవైనా ఉంటే ఆ రోజే బయటపడతాయి, దుకాణదారు మార్పిడి గడువు కూడా అప్పటికి ముగిసిపోదు.