బట్టల షాపులో సేల్స్ స్టాఫ్ మానేయకుండా ఉండాలంటే ఏం చేయాలి?

శ్రావణమాసం ముందు మనుషుల కోసం వెతకడం, దీపావళి దాటగానే వాళ్లు ఒక్కొక్కరే మానేయడం. 20, 30 మంది పనిచేసే చాలా షాపుల్లో ఏటా ఇదే తంతు. ‘ఎదురు షాపులో వెయ్యి ఎక్కువిస్తున్నారట’ అని యజమాని సరిపెట్టుకుంటారు. అది నిజమే కావచ్చు. కానీ మానేసిన అమ్మాయి ఎదురు షాపు వైపు ఎందుకు చూసిందో ముందు తెలుసుకోవాలి.

1. పుస్తకం తీయండి. గత 12 నెలల్లో మానేసినవాళ్ల పేరు, కౌంటర్, చేరిన తేదీ, మానేసిన తేదీ, సూపర్‌వైజర్ ఎవరో రాయండి. నెలలోపే వెళ్లిపోయారంటే చేరేటప్పుడు చెప్పిన పనికీ చేయించిన పనికీ పొంతన లేదేమో చూడండి. పట్టుచీరల కౌంటర్ నుంచే నలుగురు వెళ్లి, మిగతా కౌంటర్లలో ఎవరూ కదలకపోతే జీతాన్ని తప్పుపట్టకండి. కస్టమర్ల ముందు తిట్టే సూపర్‌వైజర్ ఉన్నచోట జీతం ఎంత పెంచినా మనుషులు ఉండరు.

2. కటింగులు లెక్కగట్టి చెప్పండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 15,000 జీతం మొత్తం బేసిక్ అనుకుంటే పీఎఫ్‌కు 12 శాతం కింద 1,800, ఈఎస్ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం కింద 113 పోతాయి. చేతికొచ్చేది 13,087. ఎదురు షాపువాళ్లు ఏ కటింగూ లేకుండా 14,500 చేతిలో పెడితే అదే ఎక్కువనిపిస్తుంది. పీఎఫ్‌కు మీరు వేసే మరో 1,800 (ఇందులో 1,250 పింఛను ఖాతాకు వెళ్తుంది), ఈఎస్ఐకి కట్టే 488 ఆమెకు కనపడవు. కాబట్టి చేరిన రోజే కాగితం మీద రాసి చూపించండి. యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుల గుర్తింపు సంఖ్య) ఫోన్లో యాక్టివేట్ చేయించి, మొదటి నెల డబ్బు జమయ్యాక పీఎఫ్ పాస్‌బుక్ చూపించండి. ఈఎస్ఐ కార్డుతో ఇంట్లోవాళ్లకూ వైద్యం అందుతుందనీ, అర్హత ఉంటే జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుందనీ చెప్పండి. ఇవి తెలిసిన మనిషి 1,400 కోసం అంత తొందరగా రోడ్డు దాటదు.

జీతం 7వ తేదీ దాటనివ్వకండి.

3. మొదటి 30 రోజులు ఒకరికి అప్పగించండి. చీర మడత, ధరల కోడ్, స్టాక్ ఎక్కడుందో నేర్పే బాధ్యత పాత ఉద్యోగి ఒకరిదే కావాలి. అందుకు ఆమెకు కొంత అదనంగా ఇవ్వండి. ఇవ్వకపోతే తన అమ్మకం తగ్గుతుందని నేర్పదు, అందులో ఆమె తప్పేం లేదు. కొత్తవాళ్లకు ఆ నెల టార్గెట్ పెట్టకండి.

4. రెండు నెలలకోసారి ఒక్కొక్కరితో 15 నిమిషాలు మాట్లాడండి. క్యాష్ కౌంటర్ దగ్గర కాదు, విడిగా. ‘బాగున్నావా?’ అంటే ‘బాగున్నానండీ’ అనే జవాబే వస్తుంది. ‘ఈ నెలలో ఏ రోజు కష్టమనిపించింది?’ అని అడగండి. రాత్రి షాపు మూశాక ఆటో దొరకడం లేదనో, రోజంతా నిలబడి కాళ్లు వాస్తున్నాయనో అప్పుడు బయటికొస్తుంది. కస్టమర్లు లేనప్పుడు కూర్చోవడానికి కౌంటర్‌కి రెండు స్టూళ్లు వేయడం పెద్ద ఖర్చేం కాదు. ఆమె చెప్పినవాటిలో ఒక్కటైనా వారంలోపు చేయండి. చేయలేనిదైతే ఎందుకో చెప్పండి. ఎవరు ఏం చెప్పారో సూపర్‌వైజర్ చెవిన పడితే ఇంకెవరూ నోరు విప్పరు.

5. సీజన్ సెలవులు ముందే అతికించండి. వారం సెలవుల పట్టిక 15 రోజుల ముందే గోడమీద ఉండాలి. దసరాకి పనిచేసినవాళ్లకు బదులు సెలవు ఏ తేదీనో అందులోనే రాయండి.

6. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకండి. మనిషిని ఆపుతున్నామనుకుంటారు గానీ, అలా ఉండిపోయిన మనిషి మనసుపెట్టి అమ్మదు. మానేస్తానని చెప్పాక జీతం పెంచి ఆపినా, తోటివాళ్లు అదే దారి పడతారు. వెళ్లేవాళ్లకు రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బు చేతికివ్వండి, 2019 వేతనాల కోడ్ (కేంద్ర చట్టం) చెప్పేదీ అదే. మిగిలినవాళ్లు ఆ రెండు రోజులూ కౌంటర్ల వెనకనుంచి చూస్తూనే ఉంటారు.