వైబ్రేషన్ మీటర్ సర్క్యూట్ బోర్డు గీసేముందు ఇవి చూసుకోండి

ముందు మెషిన్ స్పీడ్ రాసుకోండి. 1480 ఆర్‌పీఎం మోటారంటే సుమారు 25 హెర్ట్జ్, కానీ బేరింగ్ దెబ్బతింటే వచ్చే సిగ్నల్ కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి, సెకనుకు 3200 శాంపిళ్లే ఇచ్చే ఏడీఎక్స్‌ఎల్345 యాక్సిలరేషన్ సెన్సర్ చిప్‌తో అన్నీ పట్టేస్తామని ఆశపడొద్దు.

శాంప్లింగ్‌కి ముందే యాంటీ అలియాసింగ్ ఫిల్టర్ (శాంప్లింగ్‌కి అందని పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉందా? తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చూసుకుందాంలే అంటే కుదరదు, ఒకసారి కలిసిపోయిన దొంగ ఫ్రీక్వెన్సీని విడదీయలేం.

సెన్సర్ బిగింపు. అసలు గొడవంతా ఇక్కడే. స్టడ్ (మరతో బిగించే బోల్టు) అయితే మేలు, అయస్కాంతమైతే పెయింటు గీకి చదునైన చోట పెట్టాలి, చేత్తో అదిమి తీసిన రీడింగ్ ప్రతిసారీ మారుతుంది. ఫ్యాన్ కవర్ మీద మాత్రం వద్దు, ఆ పల్చటి రేకు దాని మోత అది మోగుతుంది. బేరింగ్ హౌసింగ్ మీదే పెట్టండి.

యాక్సిలరేషన్ నుంచి వెలాసిటీ లెక్కగట్టేటట్టయితే హైపాస్ ఫిల్టర్ (బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పనిసరి, లేకపోతే మోటారు ఆపేసినా రీడింగ్ పాకుతూనే ఉంటుంది.

కేబుల్ వేలాడకుండా కట్టేయండి.