నడుస్తుండగా కారు లైట్లు మందగిస్తున్నాయా? లోపం ఇలా పట్టండి

ఏసీ వేయగానే హెడ్‌లైట్లు ఎర్రబడి, రేస్ ఇస్తే మళ్లీ తెల్లబడుతున్నాయంటే కొత్త బల్బులు వేసి లాభం లేదు. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పడిపోతుంది. కుడిపక్క కాలువ, ఎడమపక్క చేలు ఉన్న గట్టు రోడ్డు మీద అది చిన్న తేడా కాదు. ఆ కాస్త వోల్టేజీ ఎక్కడ పోతోందో పట్టుకోవడానికి మామూలు డిజిటల్ మల్టీమీటరు, 10 నంబరు స్పానర్ చాలు.

కోనసీమలోనూ నరసాపురం, మొగల్తూరు వైపునా ముందు అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ని (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసేది) కాదు, ఎర్త్ వైరుని (బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కూ బాడీకీ కలిపేది). ఉప్పుగాలి, తేమ, రొయ్యల చెరువుల దారిలో కిందనుంచి చిమ్మే నీళ్లు కలిసి రాగి తీగను లోపల్నుంచి తినేస్తాయి. పైన తొడుగు మాత్రం నున్నగానే ఉంటుంది.

మీటరు తీసేముందు లక్షణం గమనించండి. ఒక్క వైపు లైటే మందంగా ఉంటే చార్జింగుతో పనిలేదు. ఆ బల్బు హోల్డరు కాలిందేమో, దాని ఎర్త్ తుప్పు పట్టిందేమో, ముందున్న అద్దం పసుపెక్కిందేమో చూడాలి. గతుకుల్లో మిణుకుమంటే ఎక్కడో లూజు కనెక్షన్. రెండూ కలిసి మందగిస్తుంటే కింది పరీక్షలు చేయండి.

మొదటిది, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే బ్యాటరీ వోల్టేజీ. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. 12 కంటే తక్కువుంటే ముందు బయట చార్జింగ్ పెట్టించండి. ఖాళీ బ్యాటరీతో చేసే మిగతా పరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి.

రెండోది, ఇంజన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. రేస్ ఇచ్చినా 13.2 దాటకపోతే చార్జింగ్ సరిపోవడం లేదు. 15 దాటితే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు. బల్బులు తరచూ మాడేది, బ్యాటరీ ఉడికేది అందుకే. కొత్త మోడళ్లలో చార్జింగును కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి లైట్లు వేయకుండా తీసిన రీడింగును నమ్మకండి. అలాగే మీటరును ఏసీ వోల్టులకు (కూలింగ్ ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) తిప్పి బ్యాటరీ మీద పెట్టండి. 0.5 కంటే ఎక్కువ చూపితే ఆల్టర్నేటర్‌లో డయోడు పోయింది.

మూడోదే అసలైనది, చాలామంది వదిలేసేదీ ఇదే. లైట్లు వేసి ఇంజన్ నడుస్తుండగా మీటరును డీసీకి తిప్పి, నల్ల వైరు మొనను బ్యాటరీ నెగెటివ్ సీసపు ముక్కు మీదే ఆనించండి, క్లాంపు మీద కాదు. ఎర్ర మొనను ఇంజన్ మీద శుభ్రమైన ఇనుముకు, తర్వాత బాడీకి తాకించండి. 0.2 వోల్టు దాటకూడదు. 0.6, 0.8 కనిపిస్తే దొంగ దొరికినట్టే, లోపం ఎర్త్ దారిలోనే ఉంది. ఇదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్‌కూ ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టుకూ మధ్య చూడండి, అక్కడ 0.3 లోపు ఉండాలి. చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు బెల్టు దగ్గరకు వెళ్లనివ్వకండి.

ఎర్త్ వైరు లగ్గు (బోల్టుకు బిగించే చివరి రింగు) మొదట్లో తొడుగు అర అంగుళం చీల్చి చూడండి. ఎర్రగా మెరవాల్సిన తీగలు నల్లబడి, పచ్చటి చిలుముతో పొడిపొడిగా రాలుతుంటే గీకి లాభం లేదు, వైరే మార్చాలి. పాతదానికంటే సన్నటిది వేయకండి. బిగించే చోట పెయింటు, తుప్పు పోయి ఇనుము తెల్లగా కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి.

టెర్మినళ్లకు తెల్ల పొడి పట్టి ఉంటే ఇంజన్ ఆపి ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే నురగ వస్తుంది. అది ఆగాక కడిగి తుడవండి. సోడా నీళ్లు బ్యాటరీ సెల్లుల్లోకి పోకూడదు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. వ్యాజిలిన్ బిగించాకే పైన రాయాలి.

చార్జింగే తక్కువుంటే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు చూడండి. బొటనవేలితో నొక్కితే మధ్యలో సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. బెల్టు బిగువును తనంతట తానే సరిచేసే ఆటో టెన్షనర్ ఉన్న బండికి ఈ లెక్క వర్తించదు. బెల్టు బాగుంటే కార్బన్ బ్రష్షులు, రెగ్యులేటర్ చూపించండి. చాలాసార్లు అవి మారిస్తే సరిపోతుంది, మొత్తం ఆల్టర్నేటర్ కొనక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత అలవాటు మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఆ కుదుపుకు వోల్టేజీ ఎగసి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) కాలిపోవచ్చు.

వెలుతురు చాలదని 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేస్తే స్విచ్చు, హోల్డరు కరుగుతాయి. అసలు వాట్ల బల్బుకే ఫ్యూజుతో సహా రిలే కిట్ (స్విచ్చు మీద భారం పడకుండా బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు ఇచ్చేది) వేయించండి.

దారిలో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే ఏసీ, పాటలు, ఫోన్ చార్జర్ ఆపేసి దగ్గర్లోని ఊరికి చేరుకోండి. ఇంజన్ ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకోకపోవచ్చు. టెంపరేచర్ ముల్లు కూడా పైకి లేస్తుంటే మాత్రం బెల్టు తెగి, నీళ్ల పంపు కూడా ఆగి ఉండొచ్చు. అప్పుడు వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి.