ఉప్పుగాలి తగిలే ఇంటికి కిటికీలు

విశాఖలో మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఉప్పుగాలికి ఇనుప కిటికీలు తుప్పు పట్టిపోయాయి. అందుకే ఈసారి యూపీవీసీ, అంటే తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాను. కొనేముందు ఫ్రేము ముక్క కోసి చూపించమనండి. లోపల స్టీలు లేకపోతే పెద్ద కిటికీ గాలికి వంగుతుంది. స్లైడింగ్ అయితే సగమే తెరుచుకుంటుంది, పడగ్గదికి రెక్కల కిటికీయే నయం.

కొలతలు ప్లాస్టరింగ్ అయ్యాకే తీయించండి. గోడలో కిటికీకి వదిలిన ఖాళీ వెడల్పు పైన, మధ్యలో, కింద కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాంట్లోంచి 10 మిల్లీమీటర్లు తగ్గించి ఫ్రేము చేయించాలి. ఎత్తూ అంతే. మాకు ఒక్కచోటే కొలిచారు, హాల్లో ఫ్రేము పట్టక గోడ చెక్కాల్సి వచ్చింది. ఎంత బాధేసిందో!

ఫ్రేము వంకర లేదని రసమట్టం పెట్టి చూశాకే స్క్రూలు బిగించనివ్వండి. కింది గట్టు బయటికి వాలుగా ఉండాలి. ట్రాక్‌లో నీళ్లు పోయే రంధ్రాలను సిలికాన్‌తో మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి. బయటినుంచి నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి, లోపల తడి రాలేదని తేలాకే మిగతా డబ్బు ఇవ్వండి.