ఫోన్‌కి పెట్టినట్టు కారుకి ఛార్జింగ్ పెట్టొద్దు

చెన్నైలో కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి ఒక మాట. ఫోన్ ఛార్జర్ లాగేది 20, 30 వాట్లు, ఏ ప్లగ్గయినా తట్టుకుంటుంది. కారు పోర్టబుల్ ఛార్జర్ సుమారు 3,300 వాట్లు, అంటే 14 ఆంప్స్‌కి పైగా, గంటల తరబడి లాగుతుంది. గీజరైతే నీళ్లు కాగగానే ఆగుతుంది, ఇది ఆగదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోని పాత సాకెట్‌లో స్క్రూ కాస్త వదులైనా అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఛార్జింగ్ పెట్టిన అరగంటకి ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చురుక్కుమన్నా, పిన్నుల దగ్గర గోధుమరంగు మరక కనిపించినా వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీటర్ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, సొంత ఎర్తింగ్ వేయించుకోవడం మేలు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వద్దే వద్దు.

ఇక ఎంత నింపాలంటారా? ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) బ్యాటరీకి ఫోన్ సూత్రమే, రోజూ 80 శాతం చాలు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) అయితే అప్పుడప్పుడు 100 దాకా పెట్టాలి. దాని వోల్టేజ్ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నిండుగా నింపితేనే కారు చూపించే ఛార్జ్ శాతం లెక్క సరిగ్గా కుదురుతుంది. ఎన్నాళ్లకోసారన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఏ బ్యాటరీ అయినా సరే, 100 నింపి కత్తిరి ఎండలో రోజంతా నిలబెట్టొద్దు. కారు ముందు అద్దం దగ్గర స్టాండులో మ్యాప్ నడుస్తూ ఛార్జవుతున్న ఫోన్‌కీ అదే వేడి ముప్పు, దాన్ని ఏసీ గాలి తగిలేచోటికి మార్చండి.