సైకిల్ రైడ్ మధ్యలో గాలి పోతే: వెంట ఏ పంపు ఉండాలి, ఉన్నది ఎందుకు పనిచేయదు

పంక్చర్ పడటం పెద్ద విషయం కాదు. ట్యూబ్ మార్చడం నాలుగుసార్లు చేస్తే ఎవరికైనా వచ్చేస్తుంది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. కొత్త ట్యూబ్ వేశాం, పంపు తీశాం, గాలి ఎక్కడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది పంపునే తిడతారు. నిజానికి ఎక్కువసార్లు పంపు బాగానే ఉంటుంది. మన వాల్వుకీ, టైరు లావుకీ దానికీ జత కుదరదు, అంతే.

వెంట పెట్టుకోగలిగినవి మూడు: చేత్తో కొట్టే మినీ పంపు, సీఓటూ కాట్రిడ్జ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కూరిన చిన్న లోహపు గొట్టం), బ్యాటరీ పంపు. ఇవి కాక దారిలో దొరికేవి పెట్రోల్ బంకు, పంక్చర్ షాపు. ఏది కొనాలో తేల్చుకునే ముందు మీ ఇబ్బంది కింది వాటిలో ఏదో చూసుకోండి.

పంపు తగిలించగానే బుస్సుమంటోంది, టైరులోకి ఏమీ వెళ్ళడం లేదు

ముందు వాల్వు చూడండి. మన దగ్గర మూడు రకాలు తిరుగుతున్నాయి. పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకి ఉండేది డన్‌లప్ వాల్వు. లోపలి పిన్నుకి సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, దాన్నే వాల్ ట్యూబ్ అంటాం. ఎంటీబీలకీ (కొండదారుల లావు టైరు సైకిళ్ళు), చాలా హైబ్రిడ్‌లకీ (ఎంటీబీకీ రోడ్ బైకుకీ మధ్యరకం) ఉండేది ష్రేడర్, అంటే బైకులకీ కార్లకీ ఉండేదే. రోడ్ బైకులకి, అంటే సన్న టైర్ల వేగం సైకిళ్ళకి, ప్రెస్టా: సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న నట్టుతో ఉంటుంది.

మినీ పంపు తలలో సాధారణంగా ఒక రబ్బరు వాషరు, ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. ఒకవైపు పెడితే ప్రెస్టాకి, తిప్పి పెడితే ష్రేడర్‌కి పడుతుంది. షాపులో “రెండిటికీ పట్టుద్ది సార్” అంటారు. అది నిజమే, కానీ విప్పి తిప్పాలన్న సంగతి చెప్పరు. ఇంట్లోనే తల విప్పి, మీ వాల్వుకి తగ్గట్టు అమర్చి, ఒకసారి సున్నా నుంచి పూర్తిగా గాలి కొట్టి చూడండి. ఈ ఒక్క పని చేస్తే రోడ్డు మీద సగం గొడవ ఉండదు.

ప్రెస్టా అయితే కొసనున్న నట్టు పూర్తిగా వదులు చేసి, దాన్ని వేలితో టక్కున ఒకసారి నొక్కాలి. కొత్త ట్యూబ్‌లో లోపలి పిన్ను రబ్బరుకి అతుక్కుని ఉంటుంది. అది విడకపోతే ఎంత కొట్టినా గాలి పంపులోనే తిరిగి చేతికి తన్నుతుంది. ఇంకో సంగతి, టైరు పూర్తిగా దిగిపోయినప్పుడు పంపు తల నొక్కితే వాల్వు రిమ్ములోకి జారిపోతుంది. రెండో చేతి బొటనవేలితో టైరు పైనుంచి వాల్వుని అదిమి పట్టి, అప్పుడు తల ఎక్కించి లివర్ వేయండి. లోతైన రిమ్ములవాళ్ళు ట్యూబ్ కొనేటప్పుడే వాల్వు పొడవు చూసుకోవాలి. రిమ్ము బయటికి వేలి మందమైనా రాని వాల్వుని ఏ పంపూ పట్టుకోలేదు.

డన్‌లప్ వాల్వుకి రోగం ఒక్కటే. వాల్ ట్యూబ్ ఎండి చిట్లుతుంది, లేదా బంకలా అతుక్కుపోతుంది. కొత్త ముక్క కాస్త తడిచేసి తొడిగితే సరి. నూనె మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఈ వాల్వు ఉన్న సైకిల్‌కి మీటర్ చూపించే అంకె నమ్మడానికి లేదు. రబ్బరుని తెరవడానికే కొంత ప్రెషర్ ఖర్చవుతుంది కాబట్టి మీటర్లో ఎక్కువ కనిపిస్తుంది, టైరులో అంత ఉండదు. వేలితో నొక్కి చూసుకోవడమే మేలు.

కొంతవరకు ఎక్కింది, ఆ తర్వాత పంపు కదలడం లేదు

రోడ్ బైకువాళ్ళ ప్రధాన ఫిర్యాదు ఇదే. దీని వెనక ఉన్నది చిన్న లెక్క. పంపు గొట్టం లోపలి వెడల్పు 20 మి.మీ. అనుకోండి. 80 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) దగ్గర దాన్ని తొయ్యడానికి దాదాపు 18 కిలోల బలం కావాలి. అదే గొట్టం 30 మి.మీ. వెడల్పుదైతే 40 కిలోలు కావాలి. రోడ్డు పక్కన వంగి, ఎండలో, చెమట చేతులతో ప్రతి పోటుకీ 40 కిలోలు తొయ్యడం అయ్యే పని కాదు. అందుకే లావు పంపుతో రోడ్ టైరు యాభై, అరవై దగ్గర మొరాయిస్తుంది.

ఎంటీబీ టైరుకి లెక్క తిరగబడుతుంది. దానికి కావలసింది 30 పీఎస్ఐ చుట్టుపక్కలే, కానీ కడుపు పెద్దది. లావు గొట్టం పంపుకి అక్కడ 15 కిలోల బలం చాలు, ఒక్కో పోటుకి వెళ్ళే గాలీ ఎక్కువే. సన్న పంపుతో అదే టైరు నింపాలంటే రెండింతలకు పైగా పోట్లు కొట్టాలి. నొప్పి ఉండదు గానీ విసుగొస్తుంది.

కాబట్టి పంపు డబ్బా మీద ‘హై ప్రెషర్’ అని ఉంటే రోడ్ టైర్లకి, ‘హై వాల్యూమ్’ అని ఉంటే లావు టైర్లకి అని చదువుకోండి. 160 పీఎస్ఐ దాకా పోతుందని రాసి ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. అది పంపు తట్టుకోగల ప్రెషర్, మీ చెయ్యి తొయ్యగలిగేది కాదు. నా మాట అడిగితే, హైబ్రిడ్ వాడే మామూలు మనిషికి సన్న గొట్టం పంపే మంచిది. పోట్లు ఎక్కువైనా పని పూర్తవుతుంది.

అసలు ఎంత గాలి కావాలో కూడా చూసుకోండి. టైరు పక్కన కనీసం, గరిష్ఠం అచ్చువేసి ఉంటాయి. 70 కిలోల మనిషికి 700×25 టైరులో (రెండో అంకె టైరు లావు, మిల్లీమీటర్లలో) 80–90 పీఎస్ఐ, 700×32లో 60 దగ్గర, 35–38 హైబ్రిడ్ టైరులో 50 దగ్గర సరిపోతాయి. గరిష్ఠం దాకా కొట్టాలన్న పట్టుదలతోనే చాలామంది అనవసరంగా అలిసిపోతారు.

కొట్టే తీరు కూడా ముఖ్యం. చక్రాన్ని చెట్టుకో సైకిల్‌కో ఆనించి, పంపు తల పట్టిన చేతిని కదలకుండా ఉంచి, రెండో చేత్తో పూర్తి పోటు లాగి తొయ్యాలి. చివరి సగం బలం భుజం నుంచి కాక ఒంటి బరువు నుంచి రావాలి. టోపీక్ మార్ఫ్ తరహా పంపులకి కాలితో తొక్కిపట్టే చిన్న పెడల్, రబ్బరు పైపు ఉంటాయి. నేల మీద నిలబెట్టి కొట్టుకోవచ్చు. బరువు ఎక్కువ, జేబులో పట్టదు, కానీ నడుము నొప్పి ఉన్నవాళ్ళకి దీన్ని మించింది లేదు.

గాలి నిండింది, పంపు తీసేసరికి మొత్తం పోయింది

మరతో బిగించే పైపు ఉన్న పంపులకి ఇది మామూలే. పైపు విప్పుతుంటే దానితోపాటు ప్రెస్టా లోపలి భాగం, అంటే వాల్వు కోర్, తిరిగి బయటికొచ్చేస్తుంది. కొత్త ట్యూబ్ కొన్నరోజే ఆ కోర్‌ని చిన్న కోర్ టూల్‌తో గట్టిగా బిగించి పెట్టుకోండి. పైపుని కూడా వేళ్ళతో పట్టినంత బిగిస్తే చాలు.

కోర్ బాగానే ఉండి వాల్వు మొదట్లో చిరిగి ఉంటే, అది పంపుని అటూఇటూ ఊపడం వల్ల. పైపు లేని పంపుతో కొట్టేటప్పుడు ప్రతి పోటూ వాల్వుని వంచుతుంది. దానికి ప్యాచ్ కూడా పడదు, ట్యూబ్ మార్చాల్సిందే. పంపు కొనేటప్పుడు వంద రూపాయలు ఎక్కువైనా పైపు ఉన్నది తీసుకోండి అనడానికి ఇదే కారణం.

సీఓటూ కొట్టాను: సగమే నిండింది, లేదా పొద్దున్నకి దిగిపోయింది

సగమే నిండటానికి కారణం గ్రాముల లెక్క. 16 గ్రాముల కాట్రిడ్జ్ 700×25 టైరుని 110 పీఎస్ఐ దాకా తీసుకెళ్తుంది. 35 హైబ్రిడ్‌కి 50 దగ్గర ఆగుతుంది. 29 అంగుళాల ఎంటీబీ టైరుకి అది ఏ మూలకీ చాలదు, 25 గ్రాములది కావాలి. మర ఉన్న కాట్రిడ్జ్‌లు, మర లేనివి వేరు వేరు. కాట్రిడ్జ్‌ని వాల్వుకి కలిపే మీ సీఓటూ తలకి ఏది పడుతుందో చూడకుండా ఆన్‌లైన్లో డజను కొనకండి.

పొద్దున్నకి దిగిపోతే పంక్చర్ అనుకోనక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ బ్యూటైల్ రబ్బరులో మామూలు గాలి కంటే తేలిగ్గా కరిగి బయటికి జారుతుంది. ఇంటికొచ్చాక ఆ గ్యాస్ వదిలేసి మామూలు గాలి కొట్టుకుంటే సరి.

వాడేటప్పుడు కాట్రిడ్జ్ మంచులా చల్లబడుతుంది, పైన తెల్లగా పొర కూడా కడుతుంది. ఒట్టి చేత్తో పట్టుకోకండి. రబ్బరు తొడుగో, గ్లవ్సో, జేబురుమాలో ఉండాలి. ట్యూబ్‌లెస్ వాళ్ళు వాల్వుని పైకి తిప్పి కొట్టాలి, లేకపోతే ఆ చలికి సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) గడ్డకట్టి వాల్వు మూసుకుపోతుంది. కొన్ని సీలెంట్లకి సీఓటూ అసలు పడదు, సీసా మీద చదవండి.

సీఓటూకి ఉన్న అసలు లోపం వేరు: ఒక్కటే ఛాన్స్. టైరు సరిగ్గా కూర్చోలేదనో, ముల్లు ఇంకా ఉందనో తెలిసేలోపు గ్యాస్ అయిపోతుంది. ముందు చేతి పంపుతో కాస్త గాలి కొట్టి, ట్యూబ్ ఎక్కడా నలగలేదని చూసుకుని, అప్పుడు కాట్రిడ్జ్ తెరవండి. అంటే దీనికీ చేతి పంపు తోడు కావాలి.

బ్యాటరీ పంపు మధ్యలో ఆగిపోతోంది

మూడు కారణాలు. ఒకటి, చార్జింగ్. నెలల తరబడి బ్యాగులో పడి ఉన్న బ్యాటరీ నింపిన రోజులాగే ఉండదు. ప్రతి పెద్ద రైడ్ ముందు రాత్రి ఫోన్‌తోపాటు దీన్నీ పెట్టండి. రెండు, సెట్టింగ్. ఇంతకుముందు బంతికో కారుకో పెట్టిన అంకె అలాగే ఉండి అక్కడే ఆగుతుంది, లేదా పీఎస్ఐకి బదులు బార్‌లో చూపిస్తుంది. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. మూడు, వేడి. చేతిలో పట్టే చిన్న పంపు ఎక్కువ ప్రెషర్‌కి వెళ్ళేకొద్దీ కాలుతుంది, ఒక టైరు కొట్టాక చల్లారనివ్వాలి. కొత్తగా వస్తున్న పల్చని టీపీయూ (ఒకరకం ప్లాస్టిక్) ట్యూబ్‌లలో చాలా వాటికి వాల్వు ప్లాస్టిక్‌ది. పంపుని నేరుగా తగిలిస్తే ఆ వేడికి మెత్తబడి వంగిపోవచ్చు. వాటికి పొడిగింపు పైపు వాడాల్సిందే.

వానలో తడవనివ్వకండి. మోత గురించి చెప్పనక్కర్లేదు, తెల్లవారుజామున ఊరి మధ్యలో ఆన్ చేస్తే కుక్కలన్నీ లేస్తాయి.

బంకులో గాలి కొట్టించాను, ట్యూబ్ ఢామ్మంది

బంకు కంప్రెసర్ కారు టైర్ల కోసం పెట్టింది. రోడ్ సైకిల్ ట్యూబ్‌లో పట్టేది సుమారు ఒక లీటరు. ఆ ధారకి అది రెప్పపాటులో నిండి, టైరు అంచు రిమ్ము మీదికి లేచి, ట్యూబ్ బయటికి ఉబ్బి పేలుతుంది. సగం గాలి చేత్తో కొట్టి, టైరు అంచు రెండు వైపులా సమానంగా కూర్చుందో లేదో చుట్టూ చూసి, అప్పుడు గన్ను చిన్న చిన్న నొక్కులతో వాడండి. కుర్రాడు పైపు పట్టుకొస్తే “బాబూ, నేనే పట్టుకుంటా” అని అడిగి తీసుకోవడం మంచిది. ఆటోమేటిక్ మెషిన్లు చిన్న ట్యూబ్‌ని సరిగ్గా అంచనా వేయలేవు, వాటి జోలికి పోకండి.

ప్రెస్టా వాళ్ళ దగ్గర, దాన్ని ష్రేడర్‌లా మార్చే ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉండాలి. గోరంత వస్తువు. అది ఉంటే ఊళ్ళో ఏ పంక్చర్ షాపయినా మీకు పనికొస్తుంది, లేకపోతే మెకానిక్ చేతులెత్తేస్తాడు. పెట్టేముందు నట్టు విప్పడం మర్చిపోకండి.

కొట్టిన పావుగంటకే మళ్ళీ మెత్తబడింది

ఇక్కడ పంపు తప్పేం లేదు, గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉంది. పల్లెదారుల్లో అయితే సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. హైదరాబాద్–విజయవాడ లాంటి పెద్ద హైవేల అంచున అయితే లారీ టైర్లు పగిలి రాలిన సన్నటి స్టీలు తీగలు. ఈ తీగ వెంట్రుకంత ఉంటుంది, కంటికి ఆనదు, వేలితో తడిమితే వేలే తెగుతుంది. పాత గుడ్డముక్కో దూదో టైరు లోపల చుట్టూ తిప్పండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఉంది తీగ. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో పట్టి లాగేయవచ్చు.

టైరు మీది కంపెనీ పేరు ఎప్పుడూ సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేలా ఎక్కించుకుంటే వెతకడం ఇంకా సులువు. ట్యూబ్‌లో చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో, టైరులో ముల్లూ అంతే దూరంలో ఉంటుంది. పక్కపక్కన రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు. గాలి తక్కువుండి గుంతలో రిమ్ము ట్యూబ్‌ని నలిపింది. రిమ్ము వైపు చిల్లుంటే రిమ్ టేప్ (రిమ్ములోని స్పోకు రంధ్రాల్ని కప్పే పట్టీ) పక్కకి జరిగింది.

మరి ఏది కొనాలి?

నగరం లోపల పది, పదిహేను కిలోమీటర్లు తిరిగేవాళ్ళు, ష్రేడర్ వాల్వు ఉన్నవాళ్ళు బ్యాటరీ పంపు తీసుకోవచ్చు. అది ఇంట్లో బైకుకీ కారుకీ కూడా పనికొస్తుంది. అనంతగిరి వైపో, వైజాగ్ నుంచి భీమిలి దాటో పోయేవాళ్ళకి పైపు ఉన్న సన్న చేతి పంపు. ఇది చార్జింగ్ అడగదు, అయిపోదు.

బ్రెవేలకి, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు రైడ్‌లకి, వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. 200 కిలోమీటర్ల బ్రెవే 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్లు) దగ్గర తప్ప దారిలో మనవాళ్ళ సాయం తీసుకోకూడదు. అక్కడ ఒక సీఓటూ సమయం మిగుల్చుతుంది, చేతి పంపు భరోసా ఇస్తుంది, రెండూ పెట్టుకోండి. రెండు ట్యూబ్‌లు, ప్యాచ్‌లు, సొల్యూషన్, ఆ ఇత్తడి అడాప్టర్ సీటు కింద బ్యాగులోనే పడతాయి. చేతి పంపుని ఫ్రేముకి తగిలిస్తే నెలకోసారి గొట్టం లాగి తుడవండి. చక్రాలు చిమ్మిన బురద, దుమ్ము లోపలికి చేరితే వాషరు అరిగి, పోటు కొట్టినా గాలి వెనక్కే వస్తుంది.

సైకిల్‌తో విమానంలో వెళ్ళేవాళ్ళు బ్యాటరీ పంపుని చేతి బ్యాగులో పెట్టుకోవాలి. కాట్రిడ్జ్‌ల గురించి ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి. ఒప్పుకోకపోతే, దిగిన ఊళ్ళో కొనుక్కోవడమే.