సముద్రపు సుడుల లెక్క – 3: నీటి దిబ్బ ఎందుకు కూలదు?

గంగాళం నిండా నీళ్లు పోసి గరిటెతో గిరగిరా తిప్పి వదిలేయండి. కాసేపటికే సుడి ఆగిపోతుంది. ఒడిశా తీరాన మన గోపాల్‌పూర్‌కి ఎదురుగా బంగాళాఖాతంలో పుట్టే పెద్ద సుడులు మాత్రం వారాలు, నెలలు తిరుగుతూనే ఉంటాయి. వెడల్పు వంద, రెండు వందల కిలోమీటర్లు. దాని నడిమధ్యలో పడవ ఉన్నా సుడిలో ఉన్నామని తెలియదు. వేటకెళ్లొచ్చిన మనవాళ్లు "ఇయ్యాల నీరు లాగేస్తంది బాబూ" అంటారు, సుడి అనరు.

గంగాళం సుడికీ సముద్రపు సుడికీ తేడా చూపించేది రాస్బీ సంఖ్య. భూభ్రమణం ప్రభావం ముందు నీటి సొంత పరుగు ఎంతో చెప్పే అంకె ఇది. నీటి వేగాన్ని 'ఎఫ్ × సుడి వ్యాసార్థం'తో భాగిస్తే వస్తుంది. ఎఫ్ అంటే పోయిన పాఠంలో చూసిందే, ఆ చోట భూభ్రమణం కదిలే నీటిని ఎంతగా పక్కకు మళ్లిస్తుందో చెప్పే అంకె: 2 × భూమి తిరిగే వేగం × సైన్ అక్షాంశం.

భూమి తిరిగే వేగం సెకనుకు 0.0000729 రేడియన్లు. గోపాల్‌పూర్ అక్షాంశం సుమారు 19.3 డిగ్రీలు, దాని సైన్ 0.33. ఎఫ్ = 0.0000482.

ఇక్కడ నేనొకసారి బోల్తా పడ్డాను. క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండిపోయింది. సైన్ 19.3 కొడితే 0.435 చూపించింది. మైనస్ వచ్చినా అనుమానించేవాణ్ణి, కానీ ఆ అంకె పెద్దమనిషిలా కూర్చుంది. బరంపురంలో ఇద్దరు పిల్లలకు అదే చెప్పేశాను కూడా. అప్పట్నుంచి ముందు సైన్ 30 కొట్టి చూస్తాను. సరిగ్గా 0.5 రాకపోతే ముందుకెళ్లను.

ఇప్పుడు భాగిద్దాం. సముద్రపు సుడికి వేగం సెకనుకు 0.3 మీటర్లు, వ్యాసార్థం 1,00,000 మీటర్లు అనుకోండి. 0.3 ÷ 4.82, అంటే 0.06. గంగాళంలో వేగం అంతే, వ్యాసార్థం 0.2 మీటర్లు. జవాబు 31 వేలు! అంటే గంగాళంలో నీటికి భూమి తిరుగుతున్న సంగతే తెలియదు. సింకులో సుడి ఏ పక్కకు తిరుగుతుందో భూమి నిర్ణయిస్తుందనే కబుర్లు ఈ ఒక్క అంకెతో పోతాయి.

సముద్రపు సుడిలోలా సంఖ్య 0.06 అంత చిన్నదైతే ఏమవుతుంది? సుడి నడుమ నీరు దిబ్బలా కుప్పపడి ఉందనుకోండి. ఆ నీరు పల్లానికి జారబోతుంది. ఉత్తరార్ధగోళంలో కదిలే నీటిని భూభ్రమణం కుడికి నెడుతుంది. జారాల్సిన నీరు దిబ్బ చుట్టూ గడియారం ముల్లులా తిరగడం మొదలెడుతుంది. వాలు బయటికి లాగుతుంది, భూభ్రమణం లోపలికి తోస్తుంది. రెండూ సరితూగినంత కాలం దిబ్బ కూలదు. రాపిడి దాన్ని అరగదీస్తుంది గానీ చాలా నెమ్మదిగా. ముల్లుకి ఎదురు తిరిగే సుడికైతే నడుమ దిబ్బ కాదు, గుంట.

దిబ్బ ఎత్తు = ఎఫ్ × వేగం × వ్యాసార్థం ÷ 9.8. మన అంకెలు వేస్తే 0.148 మీటర్లు, దాదాపు 15 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు! వంద కిలోమీటర్ల మేర పరుచుకున్న జానెడు వాలు కంటికేం ఆనుతుంది? 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం దాదాపు 800 కిలోమీటర్ల పైనుంచి రాడార్‌తో కొలిచింది ఇలాంటి ఎత్తుపల్లాలనే.

ఇంటి లెక్క: వ్యాసార్థం 50 కిలోమీటర్లు, వేగం 0.5 మీటర్లు. రాస్బీ సంఖ్య, దిబ్బ ఎత్తు రెండూ కట్టండి. 0.21, 12 సెంటీమీటర్ల దగ్గర రావాలి. వచ్చేసారి ఎఫ్ విలువ ఉత్తరానికి పోయేకొద్దీ పెరగడం వల్ల ఈ సుడి మొత్తం పడమటికి, అంటే మన ఒడ్డువైపుకి, ఎలా జరుగుతుందో చూద్దాం.